కిటికీకి గ్రాంటు: తుఫానుకు ముందు పెట్టే రూపాయి

కథలు, కవితల మధ్యలో ఈ గాలి లెక్కల గోల ఏంటి అని పేజీ తిప్పేయకండి. ఇది సివిల్ వాళ్ళ కోసం మాత్రమే రాసింది కాదు. మన కాలేజీలో సగం మందికి బాపట్ల, రేపల్లె, చీరాల, ఒంగోలు వైపు ఇళ్ళున్నాయి. ఆ ఇంటికి ఒక్క కిటికీ ఉన్నా ఈ పాఠం మీకు పనికొస్తుంది.

ఈ విషయం మీద నేను చదవడం మొదలుపెట్టింది మా మామయ్య అడిగిన ఒక ప్రశ్న వల్ల. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు నిజాంపట్నం దగ్గర. రెండు స్లాబు గదులు, వాటి ముందు సిమెంటు రేకుల గది. అమ్మమ్మ పడుకునేది ఆ రేకుల గదిలోనే. ఈ ఏడు పత్తి డబ్బులు రాగానే పాత చెక్క కిటికీలు పీకేసి స్లైడింగ్ అద్దాలు పెట్టిద్దామని మామయ్య ఆలోచన. "సివిల్ చదువుతున్నావుగా, ఏ కంపెనీవి మంచివో చెప్పు" అన్నాడు. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. అమెరికాలో టాంపా ఊళ్ళో ఉంటున్న మా పెద్దమ్మగారి అబ్బాయి, అక్కడి ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో కిటికీలు మార్పించుకున్నాడట. కిటికీకి ప్రభుత్వం డబ్బులివ్వడమేంటి? ముందు దీనికి జవాబు తెలిస్తే గానీ మామయ్యకు చెప్పలేననిపించింది.

1. గాలి కిటికీ దగ్గర ఏం చేస్తుంది?

మనకు ఐఎస్ 875 అనే కోడ్ ఉంది. అందులో మూడో భాగం గాలి గురించి. దేశాన్ని గాలి వేగాల ప్రకారం మండలాలుగా విడగొట్టి మ్యాపు ఇచ్చారు. ఆ పట్టికలో విజయవాడ, నెల్లూరు, విశాఖపట్నం మూడింటికీ సెకనుకు 50 మీటర్లు అని ఉంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఇల్లు డిజైన్ చేసేటప్పుడు తీసుకోవాల్సిన ప్రాథమిక వేగం అది.

వేగాన్ని పీడనంగా మార్చే సూత్రం చాలా చిన్నది. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణించాలి. 50ని వర్గం చేస్తే 2500, దాన్ని 0.6తో గుణిస్తే 1500. అంటే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, ఇంచుమించు 150 కిలోల బరువు. మీటరూ ఇరవై సెంటీమీటర్ల చదరపు కిటికీ మీద ఇది సుమారు 220 కిలోలవుతుంది. ముగ్గురు మనుషులు ఒకేసారి అద్దాన్ని ఆనుకుని తోస్తున్నట్టు లెక్క.

"2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, మా కిటికీలకు ఏమీ కాలేదు" అని చాలామంది అంటారు. నిజమే. అప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉండుండి 110 దాకా వీచింది. 110కి లెక్క కడితే చదరపు మీటరుకు 560 న్యూటన్లే. వేగం 180 అయితే 1500. వేగం రెట్టింపు కూడా కాలేదు గానీ, పీడనం రెండున్నర రెట్లు దాటింది. కాబట్టి మిగ్‌జాంను తట్టుకున్న కిటికీ 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ లాంటి గాలిని తట్టుకుంటుందని చెప్పడానికి వీల్లేదు. హుద్‌హుద్‌కు విశాఖలో విమానాశ్రయం మొదలుకొని అపార్ట్‌మెంట్ల దాకా అద్దాలు ఎలా రాలిపోయాయో అప్పటి ఫోటోల్లో చూసే ఉంటారు.

అసలు విషయం ఇంకా ఉంది. అద్దం పగిలితే పోయేది అద్దం ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు.

2. కిటికీ పోతే కప్పు ఎందుకు పోతుంది?

గాలి ఇంటి మీదుగా వెళ్ళేటప్పుడు కప్పును పైకి లాగుతుంది. కిటికీలన్నీ మూసి ఉన్నంతసేపూ కప్పు మీద పనిచేసేది ప్రధానంగా ఈ లాగుడే. గాలి వీచే వైపు కిటికీ పగిలిందనుకోండి, గాలి లోపలికి జొరబడి కప్పును కింద నుంచి కూడా తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు కలిసిపోతాయి. బుడగలో గాలి ఊదినట్టు గది ఉబ్బుతుంది.

కోడ్ దీన్ని అంకెల్లో చెబుతుంది. గోడ వైశాల్యంలో ఖాళీలు 5 శాతం లోపు ఉంటే లోపలి పీడన గుణకం 0.2. 5 నుంచి 20 శాతం మధ్య అయితే 0.5. 20 శాతం దాటితే 0.7. అమ్మమ్మ గదికి ఈ లెక్క కట్టాను. గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. కప్పు 12 చదరపు మీటర్లు. ఎదురు గోడ 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు. పై లాగుడుకు గుణకం 0.8 అని తీసుకున్నాను. మిగతా సవరణ గుణకాలు వదిలేసిన మోటు లెక్క ఇది, అయినా విషయం అర్థమవుతుంది.

అన్నీ మూసి ఉన్నప్పుడు: 0.8కి 0.2 కలిపితే 1.0. కప్పును పైకి లేపే బలం సుమారు 1,800 కిలోలు.

ఒక కిటికీ పగిలితే: ఖాళీ 12 శాతం. 0.8కి 0.5 కలిపితే 1.3. బలం సుమారు 2,340 కిలోలు.

కిటికీతో పాటు తలుపూ ఊడితే: 20 శాతం దాటింది. 0.8కి 0.7 కలిపితే 1.5. బలం సుమారు 2,700 కిలోలు.

ఆ గది మీద రేకుల బరువు 200 కిలోల లోపే. మిగతాదంతా పట్టుకోవాల్సింది హుక్కులు, బోల్టులే. కిటికీ, తలుపు ఉన్నంతసేపు వాటి మీద ఒక బరువు, అవి పోగానే ఒకటిన్నర రెట్ల బరువు. ముందు కిటికీ, తర్వాత రేకులు, ఆ తర్వాత పైన ఆధారం పోయిన గోడ. ఇల్లు కూలే వరస ఇది.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. తక్కువ ఎత్తు ఇళ్ళకు తుఫాను తట్టుకునే శక్తి పెంచడం గురించి మన దేశానికే ఐఎస్ 15498 అని 2004 నాటి ప్రమాణం ఉంది. గాలి వైపు తలుపో కిటికీయో విఫలమైతే కప్పు కింద ఎత్తే పీడనం వస్తుంది కాబట్టి, వాటికి గట్టి గడియలు, బిగింపులు ఉండాలని అది చెబుతుంది. పుస్తకంలో ఉంది, మేస్త్రి దాకా రాలేదు.

3. ఫ్లోరిడా వాళ్ళు డబ్బు ఎందుకు ఇస్తున్నారు?

1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే హరికేన్ ఫ్లోరిడా దక్షిణ భాగాన్ని ఊడ్చేసింది. హరికేన్ అంటే మన తుఫానే, సముద్రం వేరు కాబట్టి పేరు వేరు. కూలిన ఇళ్ళను పరిశీలించిన ఇంజనీర్లకు పైన చెప్పిన వరసే కనిపించింది. ఆ తర్వాత మయామీ ప్రాంతంలో కిటికీలకు ఒక పరీక్ష పెట్టారు. నాలుగు కిలోల పైచిలుకు బరువున్న చెక్క దుంగను సెకనుకు 15 మీటర్ల వేగంతో కిటికీ మీదికి కొడతారు. దెబ్బ తిన్న అదే కిటికీని తర్వాత వేల సార్లు గాలి పీడనంతో ముందుకీ వెనక్కీ ఊపుతారు. అప్పటికీ నిలబడితేనే పాస్. తుఫానులో కిటికీని పగలగొట్టేది గాలి ఒక్కటే కాదు, పక్కింటి నుంచి ఎగిరొచ్చే రేకు, కొమ్మ, పెంకు కూడా.

కొత్త ఇళ్ళకు కోడ్ ఉంది, సరే. మరి అప్పటికే కట్టేసిన లక్షల ఇళ్ళ సంగతి? దానికోసమే 2006లో 'మై సేఫ్ ఫ్లోరిడా హోమ్' అనే పథకం తెచ్చారు. కొన్నేళ్ళకు నిధులు ఆగిపోయాయి. 2022 మే నెలలో శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. మా అన్నయ్య ఉండేది పాత ఇల్లు, 2023లో దరఖాస్తు పెట్టాడు. పథకం ఎలా నడుస్తుందో ఫోన్‌లో వివరంగా చెప్పించుకున్నాను.

మొదటి మెట్టు ఉచిత తనిఖీ. శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టర్ వచ్చి కప్పు, గోడకూ కప్పుకూ ఉన్న బంధం, కిటికీలు, తలుపులు, గ్యారేజీ తలుపు చూసి ఏం చేస్తే ఎంత మేలో రాసిస్తాడు. ఆ నివేదికలో సిఫారసు చేసిన పనికే డబ్బు. రెండో మెట్టు అనుమతి. అది రాకముందే పని మొదలుపెడితే గ్రాంటు రాదు. మూడోది వాటా. ఇంటివాళ్ళు ఒక డాలరు పెడితే ప్రభుత్వం రెండు డాలర్లు పెడుతుంది, 10,000 డాలర్లు దాటకుండా. అంటే 15,000 డాలర్ల పనిలో ఇంటివాళ్ళ వాటా 5,000. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు వాటా పెట్టక్కర్లేదు. నాలుగోది పని పూర్తయ్యాక మళ్ళీ తనిఖీ.

ఇందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చే తగ్గింపు కోసం ఇంటిని అంచనా వేసేటప్పుడు, అన్నిటికంటే బలహీనంగా ఉన్న కిటికీ ఏదో చూసి దాని ప్రకారమే ఇంటికి మార్కు వేస్తారు. తొమ్మిది కిటికీలకు మంచి అద్దం వేసి, వెనక బాత్రూమ్ దగ్గర ఒక్కటి వదిలేస్తే ఇల్లు వదిలేసినట్టే. మనం ముందు గదికి ఖరీదైన కిటికీ, వంటింటికి విరిగిన రెక్క పెడతాం చూడండి, గాలికి ఆ తేడా తెలియదు.

2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ హరికేన్ టాంపాకు దక్షిణంగా తీరం దాటింది. అన్నయ్య వాళ్ళకు కరెంటు పోయింది, పెరట్లో చెట్టు పడింది, కిటికీ ఒక్కటీ పోలేదు. అంతమాత్రాన గ్రాంటు వల్లే ఇల్లు నిలిచిందని నేను అనను, ఒక్క ఇంటితో ఏదీ రుజువు కాదు. రుజువు కావాలంటే పెద్ద లెక్క చూడాలి. అమెరికా జాతీయ భవన విజ్ఞాన సంస్థ అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ముందుజాగ్రత్త గ్రాంట్లను పరిశీలించి, పెట్టిన ఒక్కో డాలరుకు సగటున ఆరు డాలర్ల నష్టం తప్పుతోందని తేల్చింది. ఆ ఆరు డాలర్లలో చాలా భాగం తర్వాత ప్రభుత్వమో, ఇన్సూరెన్స్ కంపెనీయో ఇవ్వాల్సిందే. కాబట్టి కిటికీకి ఇచ్చే గ్రాంటు దానం కాదు, పొదుపు.

4. మన దగ్గర డబ్బు ఎక్కడుంది?

1977 నవంబర్ 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంత భీకరమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తాకితే మృతులు వెయ్యి లోపు. హెచ్చరికలు, ముందే జనాన్ని తరలించడం చేసిన మేలు అది. 2011లో మొదలైన జాతీయ తుఫాను ప్రమాద ఉపశమన ప్రాజెక్టు మొదటి దశలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. ఆ డబ్బుతో షెల్టర్లు, వాటికి దారులు, వంతెనలు, ఉప్పునీటి కట్టలు కట్టారు. ప్రాణం దక్కించడంలో మనం చాలా దూరం వచ్చాం. కానీ షెల్టర్ నుంచి తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండాలి కదా. కట్టిన ఇంటిని గట్టిపరచుకోవడానికి ఫ్లోరిడా తరహా గ్రాంటు మన దగ్గర లేదు.

మనకున్నది ఎక్కువగా నష్టం తర్వాత వచ్చే సాయం. 2022 నుంచి 2026 వరకు అమలయ్యే విపత్తు సహాయ నిబంధనల ప్రకారం, మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, అది కూడా నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. గుడిసెకు 8,000. కిటికీ ఒక్కటే పగిలితే ఆ 15 శాతం రాకపోవచ్చు. ఆ కిటికీ వల్ల ఇల్లంతా పోతే మాత్రం లక్షా ఇరవై వేలు. ముందు కొంచెం ఇస్తే మిగిలేదాన్ని తర్వాత మొత్తంగా ఇస్తున్నామన్నమాట.

అయితే దారి మూసుకుపోలేదు. మూడు చోట్ల చూడొచ్చు.

మొదటిది, ఇల్లు కట్టేటప్పుడు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదానంలో ఇంటికి 1,20,000 రూపాయలు దశలవారీగా, కట్టిన మేరకు ఫోటో తీశాక వస్తాయి. లింటెల్ స్థాయికి రాకముందే కిటికీ ఎలా ఉండాలో నిర్ణయించుకుంటే అదనపు ఖర్చు తక్కువ. గోడ కట్టేశాక మార్చాలంటే పగలగొట్టాలి. ఈ విషయం అడగాల్సింది గ్రామ సచివాలయంలో ఉండే ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను.

రెండోది, సొంత డబ్బు. ఎలాగూ కిటికీలకు ఖర్చు పెట్టబోతున్న మా మామయ్య లాంటి వాళ్ళు కొత్తగా రూపాయి తీయక్కర్లేదు, అదే రూపాయిని సరైన చోట పెడితే చాలు.

మూడోది, రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో విపత్తు నిధుల్లో 20 శాతాన్ని నష్టం జరగకముందు చేసే పనుల కోసం విడిగా కేటాయించారు. ఫ్లోరిడా తరహా కిటికీ గ్రాంటు మన దగ్గర పుట్టాలంటే దానికి తగిన ఇల్లు ఈ నిధే. అడగడానికి మాత్రం చేతిలో లెక్కలుండాలి.

5. మామయ్యకు ఏం చెప్పాను?

మన పాత ఇళ్ళ కిటికీ చూడండి. మందపాటి చట్రం, ఇనుప ఊచలు, బయటికి తెరుచుకునే చెక్క రెక్కలు, పైనా కిందా గడియలు. ఫ్లోరిడాలో వేల డాలర్లు పోసి అద్దం మీద బిగించుకునే షట్టర్ చేసే పని ఆ రెక్కలు చేస్తాయి, చెక్క పుచ్చకుండా, గడియ ఊడకుండా ఉంటే. అద్దానికి ముందు గ్రిల్ ఉంటే పెద్ద కొమ్మ ఆగుతుందేమో గానీ గాలి ఆగదు. కాబట్టి "రెక్కలు పీకొద్దు, బాగు చేయిద్దాం" అన్నాను. చెప్పినవి ఇవి:

ఒకటి, చట్రం గోడలో కదలకూడదు. ఒక్కో నిలువు కమ్మీకి మూడు హోల్డ్‌ఫాస్టులు కాంక్రీటులో కూరుకుని ఉండాలి. చట్రం వదులైతే పైన ఎంత మంచి రెక్క ఉన్నా దండగ.

రెండు, బందులకు మేకులు కాదు, స్క్రూలు. తుప్పు పట్టినవి మార్చాలి. సముద్రపు గాలికి స్టెయిన్‌లెస్ స్టీలువి ఎక్కువ కాలం ఉంటాయి.

మూడు, ప్రతి రెక్కకూ పైనా కిందా గడియలు. వాటితో పాటు లోపల అడ్డంగా ఒక చెక్క లేదా ఇనుప పట్టీ.

నాలుగు, అద్దం కావాలనుకుంటే పెట్టుకోండి, దాని ముందు మూయడానికి ఏదో ఒకటి ఉండాలి. చెక్క రెక్క లేని చోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు ముందే కోయించి, ఏ కిటికీది దానికి నంబరు వేసి అటక మీద పెట్టుకోవాలి. గోడలో బోల్టులు ముందే బిగించి ఉంచితే తుఫాను ముందురోజు పావుగంటలో పని అయిపోతుంది. పలక కిటికీ కంటే నాలుగు వైపులా పది సెంటీమీటర్లు పెద్దగా ఉండాలి.

ఐదు, రేకుల హుక్కులు కూడా అదే రోజు చూడాలి. కిటికీ, కప్పు వేరు వేరు పనులు కావు.

రెండు అపోహల గురించి కూడా చెప్పాలి. అద్దం మీద ఇంటూ గుర్తులా టేపు వేస్తే బలం వస్తుందనుకుంటారు. పగిలిన ముక్కలు కొంతవరకు చెదరకుండా ఉంటాయేమో గానీ అద్దానికి బలం రాదు. గాలి పోవడానికి అవతలి వైపు కిటికీ తెరిచి పెట్టాలంటారు. వద్దు. గాలి దిశ తుఫాను సాగుతున్నకొద్దీ మారుతుంది, ఇప్పుడు అవతల ఉన్న కిటికీ కాసేపటికి ఎదురు కిటికీ అవుతుంది. అన్నీ మూసేయడమే సరైనది.

మామయ్య కాసేపు నసిగాడు. "అద్దాలైతే ఇంటికి కళ వస్తుంది కదా" అన్నాడు. రేకుల గదికి, వంటింటికి రెక్కలే ఉంచి బాగు చేయించి, ముందు గదిలో మాత్రం అద్దంతో పాటు పలకలు చేయిద్దామని చివరికి ఒప్పుకున్నాడు. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు.

6. మనం చేయగలిగింది

ఫ్లోరిడా పథకంలో అన్నిటికంటే చవకైన మెట్టు మొదటిదే, తనిఖీ. అది మనం కూడా చేయొచ్చు. ఈ సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరు పది ఇళ్ళు చూడండి. సివిల్ చదవక్కర్లేదు, టేపు, కాగితం ఉంటే చాలు. ప్రతి ఇంటికీ ఆరు ప్రశ్నలు: గోడ కొలత ఎంత, కిటికీలు, తలుపుల కొలత ఎంత, మూయడానికి రెక్కలు ఉన్నాయా, గడియలు పనిచేస్తున్నాయా, చట్రం చేత్తో ఊపితే కదులుతోందా, కప్పు ఏమిటి. ఇంటివాళ్ళ పేర్లు వద్దు, ఊరి పేరు చాలు.

కోడ్‌లో తీరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల వరకు తుఫాను పట్టీగా లెక్కిస్తారు. బాపట్ల, రేపల్లె, చీరాలతో పాటు తెనాలి, పొన్నూరు, గుంటూరు కూడా అందులోకే వస్తాయి. మన అమరావతి దానికి కాస్త అవతల, అంతే. ఇరవై మంది తలా పది ఇళ్ళు చూస్తే రెండు వందల ఇళ్ళ లెక్క వస్తుంది. దాన్ని వడ్రంగి చెప్పిన ఖర్చుతో కలిపి ఒక పట్టికగా వేసి, ఇంజనీరింగ్ అసిస్టెంట్ల ద్వారా జిల్లా విపత్తు నిర్వహణ అధికారులకు ఇద్దాం. "ఒక్కో ఇంటికి ఇంత అవుతుంది, తర్వాత ఇచ్చే లక్షా ఇరవై వేలతో పోల్చి చూడండి" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో. పట్టిక సెప్టెంబర్ లోపు తయారైతే ఈ ఏడాదికే కొన్ని ఇళ్ళకు గడియలైనా పడతాయి. రావాలనుకున్నవాళ్ళు క్లబ్ గదిలో బోర్డు మీద మీ ఊరి పేరు రాసి వెళ్ళండి. నిజాంపట్నం పక్కన నా పేరు ఇప్పటికే ఉంది.